తిరుపతిలో ఉండి ఇంట్లోనే గిటార్ మాడ్యులేషన్ పెడల్ (గిటార్ శబ్దాన్ని ఊగేలా మార్చే, కాలితో నొక్కే పెట్టె) చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. కానీ ముందే కోరస్, ఫ్లాంజర్ అనే ఎఫెక్టుల జోలికి పోకండి. వాటికి వాడే ఎంఎన్3007 లాంటి డిలే (శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసే) చిప్‌లలో నకిలీలు ఎక్కువ. ట్రెమోలోతో మొదలుపెట్టండి.

ట్రెమోలో అంటే వాల్యూం అదేపనిగా పెరుగుతూ తగ్గుతూ ఉండటమే. టీఎల్072 అనే ఆంప్లిఫయర్ చిప్‌తో, వోల్టేజీ సెకనుకు 1 నుంచి 10 సార్లు ఊగే ఆసిలేటర్ సర్క్యూట్ కట్టి, దాంతో ఒక ఎల్‌ఈడీని వెలిగించాలి. దానికి ఎదురుగా ఎల్‌డీఆర్ (వెలుగును బట్టి రెసిస్టెన్స్ మారే భాగం) పెట్టాలి. సిగ్నల్ దారిలో ఒక రెసిస్టర్ పెట్టి, దాని తర్వాత ఈ ఎల్‌డీఆర్‌ను గ్రౌండ్‌కి (బ్యాటరీ మైనస్ వైపుకి) కలపండి. వెలుగు పడినప్పుడు ఎల్‌డీఆర్ రెసిస్టెన్స్ పడిపోయి సౌండ్ తగ్గుతుంది, చీకటైతే పెరుగుతుంది. ఎల్‌ఈడీ, ఎల్‌డీఆర్ రెండూ నల్ల ట్యూబులో గట్టిగా మూసి ఉండాలి, లేదంటే మన ఎండ వెలుతురే ఎఫెక్టును మింగేస్తుంది!

కరెంటుకు 9 వోల్టుల బ్యాటరీ చాలు. సామాన్లు ఆంప్లిఫయర్ రిపేరు షాపుల్లో అడగండి. కాలితో నొక్కే స్విచ్ దొరక్కపోతే ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు, చెన్నై రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది.