కడుపుతో ఉన్నప్పుడు చేప తింటే పుట్టే బిడ్డకు ఆయాసం రాదా?

ఐదో నెల అన్నారు, మీ ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం అన్నారు. చేపనూనె బిళ్లలు వేసుకోవాలా, ఇంట్లో నూనె మార్చాలా, తల్లిపాలు పడితే రాకుండా ఉంటుందా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. మాది కావలి, ఇద్దరు పిల్లలు, మా ఆయనదీ అదే జబ్బు.

పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ నన్ను చేప ముక్క ముట్టనివ్వలేదు, వేడి చేస్తుందని. పుట్టాక పాలు చాలక నెలన్నర నుంచే డబ్బా పాలు పట్టాం. వాడికి పదకొండేళ్లు, ఒక్కసారీ పిల్లికూతలు రాలేదు. చిన్నదాని దగ్గర అన్నీ పద్ధతిగా చేశాను. తుమ్మలపెంట నుంచి వచ్చే కవళ్లు (సార్డిన్లు), కానాగంతలు (మాకెరెల్) వారానికి రెండుసార్లు తిన్నాను, ఆరు నెలలు నా పాలే ఇచ్చాను. రెండేళ్లు నిండకముందే దానికి ఆయాసం పట్టుకుంది. అందుకే ఎవరైనా "మేం ఇలా చేశాం, మా పిల్లలకు రాలేదు" అంటే ఆ లెక్క పట్టించుకోకండి.

అలాగని చేప మాట ఉత్తదీ కాదు. డెన్మార్క్‌లో 736 మంది గర్భిణులను తీసుకుని, సగం మందికి 24వ వారం నుంచి రోజుకు 2.4 గ్రాముల ఒమేగా-3 (చేపనూనెలో ఉండే కొవ్వు), మిగతావాళ్లకు ఆలివ్ నూనె ఇచ్చారు. ఫలితాలు 2016లో వచ్చాయి. పిల్లలకు మూడు నుంచి ఐదేళ్లు వచ్చేసరికి ఆలివ్ నూనె వైపు నూటికి సుమారు 24 మందికి ఉబ్బసమో, విడవని పిల్లికూతలో కనిపిస్తే, చేపనూనె వైపు 17 మందికి కనిపించాయి. ఒంట్లో ముందునుంచే ఈ కొవ్వులు తక్కువున్న తల్లుల పిల్లల్లో తేడా ఇంకా పెద్దది, 34 కాస్తా 17.5కి దిగింది. మా చిన్నది ఆ పదిహేడులో పడిందని సరిపెట్టుకుంటాను.

ఇక్కడో తిరకాసు ఉంది. మందుల షాపులో దొరికే మామూలు 1000 మి.గ్రా. బిళ్లలో అసలు ఒమేగా-3 దాదాపు 300 మి.గ్రా. ఉంటుంది. ఆ లెక్కన రోజుకు ఎనిమిది మింగాలి! మీ డాక్టరమ్మను అడగకుండా ఆ పని చేయకండి. కవళ్ల పులుసుకు మాత్రం ఎవరి చీటీ అక్కర్లేదు.

నూనె సంగతి. సన్‌ఫ్లవర్ లాంటి నూనెల్లో ఒమేగా-6 అనే మరో రకం కొవ్వు ఎక్కువ. ఒంట్లో దాని నుంచి చివరికి ల్యూకోట్రైన్లు అనే పదార్థాలు తయారవుతాయి, ఊపిరి గొట్టాలను బిగించేది అవే. ఉబ్బసం పిల్లలకు రాసే మాంటెలుకాస్ట్ మందు అడ్డుకునేదీ వాటినే. కాబట్టి నూనె మారిస్తే సరి అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ సిడ్నీలో సరిగ్గా ఆ పనే చేసి చూశారు. 616 మంది పిల్లల్లో ఒక వర్గానికి పసితనం నుంచే చేపనూనె ఇచ్చి, ఇంట్లో వంటనూనె కూడా మార్పించారు. ఐదేళ్లకు ఉబ్బసంలో తేడా రాలేదు. కాబట్టి గానుగ నూనె కోసం అప్పు చేయకండి. మా ఇంట్లో ఇప్పటికీ వేరుశనగ నూనే.

తల్లిపాలు తప్పకుండా ఇవ్వండి, ఆరు నెలలు అవే చాలు. బిడ్డకు దగ్గు, నెమ్ము, విరేచనాలు తగ్గుతాయి. ఉబ్బసం ఆగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. బెలారస్‌లో 17 వేలకు పైగా తల్లీబిడ్డల జంటలతో మొదలుపెట్టిన తల్లిపాల పరిశోధనలో, పిల్లల ఆరున్నరేళ్ల వయసులో ఆ మేలు కనపడలేదు. పాలు చాలక డబ్బా పట్టాల్సి వస్తే ఏడుస్తూ కూర్చోకండి, నేను మూడు నెలలు ఏడ్చాను, దండగ. ఆరో నెల దాటాక గుడ్డు, ముళ్లు తీసిన చేప మెత్తగా చేసి పెట్టండి. ఏడాది దాకా ఆపితే ఎలర్జీ రాదని మా అత్త అనేది. ఆపడం వల్ల లాభం లేదని పిల్లల డాక్టర్ చెప్పారు.

మీ అమ్మగారు రేపు పాలు పడతాయని సొరపుట్టు పెడతారు, మన వైపు తప్పదు కదా. సొరచేపలో పాదరసం ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడూ, పాలిచ్చేటప్పుడూ అది వద్దని చెప్పండి. చిన్న చేపలకు ఆ బెడద తక్కువ.

మా ఇంట్లో నాకు తేడా తెలిసింది దోమల కాయిల్ మానేశాక, మా మామగారు బీడీ వీధిలోకి తీసుకెళ్లాక. చిన్నదానికి స్పేసర్‌తో (మందు పీల్చడానికి తగిలించే డబ్బా లాంటి గొట్టం) ఇన్‌హేలర్ వాడుతున్నాం. "అలవాటైపోతుంది" అని భయపెట్టినవాళ్లు చాలామంది, మృగశిర కార్తెకు హైదరాబాద్ చేపమందుకు తీసుకెళ్లమన్నవాళ్లు అంతకన్నా ఎక్కువ. ఒకరి మాట విని ఇన్‌హేలర్ రెండు వారాలు ఆపితే, రాత్రి రెండింటికి డొక్కలు ఎగరేస్తున్న పిల్లను ఎత్తుకుని ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. ఆ తర్వాత డాక్టర్ చెప్పకుండా ఒక్క పఫ్ కూడా ఆపలేదు.

మీ ఆయన సిగరెట్ తాగుతారా? అది రాయలేదు మీరు.