గద్ద ముద్ర ఉంటే ఆ ప్యూటర్ పళ్ళెం పాత అమెరికాదేనా?

"పాత సామాన్ల సంతలో ప్యూటర్ పళ్ళెం కొన్నాను, వెనక గద్ద ముద్ర ఉంది. నిజంగా పాత అమెరికన్ వస్తువేనా? మెరిసేలా తోమవచ్చా?" అని అడిగారు. రెండో ప్రశ్నకు ముందు చెబుతాను: దయచేసి తోమకండి. ప్యూటర్ అంటే ఎక్కువగా తగరంతో చేసిన మెత్తటి మిశ్రమ లోహం.

నేను అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఉంటాను. కొన్నేళ్ళ క్రితం హార్ట్‌ఫర్డ్ దగ్గర ఒక పెద్దాయన పోయాక ఆ ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టారు. రెండు ప్యూటర్ పళ్ళేలు కనిపించాయి. ఒకటి వెండిలా మెరుస్తోంది, 60 డాలర్లు. రెండోది నల్లగా, నిండా కత్తి గాట్లతో ఉంది, 15 డాలర్లు. రెండూ తెచ్చుకున్నాను. ఆ రాత్రి వంటింట్లో లైటు ఆర్పి, ఫోన్ టార్చిని పళ్ళేనికి దాదాపు ఆనించి పక్కనుంచి వేశాను. నల్లదాని వెనక చిన్న గడి ఒకటి నెమ్మదిగా తేలింది. అందులో టి, డి, ఆ తర్వాత ఎస్, బి. మనం స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించుకుంటాం కదా, అలా ఇంటివాళ్ళదేమో అనుకున్నాను. కాదు. థామస్ డాన్‌ఫోర్త్ బోర్డ్‌మన్, ఆయన తమ్ముడు షెర్మన్! 1810 ప్రాంతం నుంచి హార్ట్‌ఫర్డ్‌లోనే ప్యూటర్ సామాన్లు చేసిన అన్నదమ్ములు. నేను రోజూ ఆఫీసుకు వెళ్ళే ఊళ్ళో అచ్చుపోసిన పళ్ళెం. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మెరిసే పళ్ళెం వెనక గద్ద రెక్క కొస ఒక్కటే మిగిలింది. ఎవరో మిషన్ పాలిష్ పెట్టించారు, చేసినవాడి పేరు దాంతోపాటే పోయింది. అమ్మేవాళ్ళు ఈ పని ఎందుకు చేస్తారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. అప్పట్లో తగరం సముద్రం దాటి రావాలి, పైగా సుంకం. అందుకే పాతబడిన పళ్ళేలను కరిగించి మళ్ళీ కొత్తవి పోసేవారు. అలా కరిగిపోకుండా మిగిలినదాన్ని చింతపండుతో రుద్దుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక గద్ద సంగతి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి ముందు ఇక్కడి పనివాళ్ళు ఇంగ్లండ్ పద్ధతిలో సింహం, గులాబీ, కిరీటం కొట్టేవారు. గద్ద ఆ తర్వాత, కొత్త దేశపు చిహ్నంగా వచ్చింది. కానీ 20వ శతాబ్దపు నకళ్ళ మీదా గద్ద ఉంటుంది. అడుగున "ప్యూటర్" అనే మాటే అచ్చయి ఉంటే దాదాపు కొత్తదే అనుకోండి. "లండన్" అని ఉంటే మాత్రం తొందరపడి పక్కన పెట్టకండి. లండన్ సరుకంటేనే జనం కొంటారని ఇక్కడి పనివాళ్ళు కొందరు ఆ పేరే కొట్టారు. ఒక దుకాణదారుడు "ఇది ఇంగ్లిష్‌ది" అంటే నమ్మి ఒకటి వదిలేశాను, ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

ఇంకొక్క మాట: పాతవాటిలో సీసం ఉండవచ్చు. అందులో పులిహోర, పచ్చడి వడ్డించకండి. స్టవ్ మీద అసలు పెట్టకండి, కరిగిపోతుంది.

గోరువెచ్చని సబ్బు నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, రాత్రి టార్చి పక్కనుంచి వేసి ఫోటో పెట్టండి. గద్ద చుట్టూ ఏ అక్షరాలున్నాయో చూద్దాం.