ముందు చూడు, తర్వాత ముట్టుకో

చిరంజీవి అమ్మలుకి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలన్నీ తీరిగ్గా చూశాను. ఫ్రేమ్ పెట్టడం నీకు బాగా వచ్చింది, దాని గురించి నాకు బెంగ లేదు. ఎడిటింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి ఫొటోలోనూ క్లారిటీ పెంచావు, రంగులు పెంచావు, నీడల్ని వెలుగు చేసేశావు, మొహాల్ని నున్నగా తుడిచేశావు. పొద్దుటి ఎండలో తీసినదానికీ, రాత్రి లైట్ల కింద తీసినదానికీ ఒకే మందు వేశావు. ఏ స్లైడర్ ఏం చేస్తుందో నీకు తెలిసిపోయింది. ఏ ఫొటోకి ఏది అక్కర్లేదో తెలుసుకోవడమే ఇక మిగిలింది. అది యూట్యూబ్ వీడియోల వల్ల ఓ పట్టాన రాదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఫొటో తెరిచాక కాసేపు మౌస్ ముట్టుకోకు. ఊరికే చూడు. నీ కన్ను ముందుగా ఎక్కడికి పోతోంది? అది వెళ్ళాల్సిన చోటికే వెళ్తోందా? తర్వాత ఓ కాగితం మీద రాసుకో: ఎడమ మూలన తెల్లటి బోర్డు చూపు లాగేస్తోంది, మొహం వెనకున్న గోడ కంటే చీకటిగా ఉంది, చెంప మీద ఆకుపచ్చ ఛాయ పడింది. ఈ మూడూ సరిచేస్తే నీ పని అయిపోయినట్టే. "ఇంకాస్త బాగుండాలి" అని రాసుకుంటే మాత్రం అర్ధరాత్రి దాకా స్లైడర్లు జరుపుతూనే ఉంటావు. రాయడానికి ఏమీ దొరకలేదా, ఆ ఫొటోని అలాగే వదిలెయ్. అది చేతకానితనం అనుకోకు.

స్క్రీన్ సంగతి ముందే చూసుకో. రాత్రిళ్ళు స్క్రీన్‌ని పసుపుగా మార్చే నైట్ మోడ్ ఆన్‌లో ఉంటే, నువ్వు ఎంత జాగ్రత్తగా రంగులు సరిచేసినా పొద్దున్నే ఫొటో నీలంగా కనిపిస్తుంది. దాన్ని ఆపెయ్. బ్రైట్‌నెస్ కూడా మార్చకుండా ఒక్క చోటే ఉంచు.

కెమెరా పట్టిన సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే రా (RAW) ఫార్మాట్‌లో తీయడం అలవాటు చేసుకో. కుదించి దాచే మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకి ఉండేది 256 మెట్లే. 14 బిట్ల రా ఫైల్లో 16,384 ఉంటాయి. నీడల్ని పైకి లాగినప్పుడు ఆకాశంలో చారలు రావడం, చీకటి భాగాలు మచ్చలు మచ్చలుగా పగిలిపోవడం జేపెగ్‌లో ఎక్కువగా కనిపించేది ఈ తేడా వల్లే. జేపెగ్‌ని తెరిచి మళ్ళీ మళ్ళీ సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత పోతుంది కూడా. అసలు ఫైలు మీద ఎప్పుడూ చెయ్యి వేయకు.

ఇక వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగుని బట్టి తెలుపు తెల్లగా కనిపించేలా సరిపెట్టడం. కొత్తవాళ్ళు దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, సగం ఫొటోలు ఇక్కడే బాగుపడతాయి, సగం ఇక్కడే పాడవుతాయి. రంగు సరిగ్గా లేదని అనిపించగానే రంగుల గాఢత మార్చే సాచురేషన్ జోలికి పోకు, ముందు వెలుగు ఎక్కడిదో కనుక్కో. కిటికీ పక్కన కూర్చున్న మనిషిని తీశావు చూడు, ఒక చెంప మీద పగటి వెలుగు, రెండో చెంప మీద బల్బు పసుపు. మొత్తం ఫొటోకి ఒకటే వైట్ బ్యాలెన్స్ పెడితే ఏదో ఒక చెంప తప్పకుండా పాడవుతుంది. అలాంటప్పుడు కిటికీ వైపుకి సరిపెట్టి, బల్బు పడిన వైపు మాస్క్ (మార్పు ఎక్కడిదాకా పడాలో చెప్పే హద్దు) గీసుకుని అక్కడ మాత్రం పసుపు కొంత తగ్గించు. పూర్తిగా తీసెయ్యకు. గదిలో బల్బు వెలుగుతోందని చూసేవాళ్ళకి తెలియాలి కదా! సాయంత్రపు బంగారు వెలుగుని తెల్లగా "సరిచేయడం" కూడా ఇలాంటి పొరపాటే.

చర్మం రంగు మీద అనుమానం వస్తే ఆ చోటి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల అంకెలు చూడు. మామూలు వెలుగులో మనిషి ఒంటి రంగు ఏదైనా, దాదాపు ఎప్పుడూ ఎరుపు విలువ అన్నిటికంటే ఎక్కువ, తర్వాత ఆకుపచ్చ, అన్నిటికంటే తక్కువ నీలం ఉంటాయి. ఆ వరస తప్పిందంటే ఎక్కడో తేడా కొట్టిందన్నమాట. ఒకటే ఫొటోని చాలాసేపు చూస్తే కన్ను దానికి అలవాటు పడిపోతుంది, అంకెలు పడవు. మొహం తెల్లబరచమని ఎవరైనా అడిగినా ఒప్పుకోకు. మొహం మీద వెలుగు చాలకపోతే వెలుగు పెంచు, మనిషి రంగు మాత్రం మనిషిదే.

రీటచింగ్‌లో నాకున్న నియమం ఒక్కటే. రెండు వారాల్లో తనంతట తాను పోయేదైతే తీసేస్తాను. మొటిమ, గీరుకుపోయిన గీత, చెదిరిన వెంట్రుక, పెదవి మీద పగులు ఈ లెక్కలోకి వస్తాయి. పుట్టుమచ్చ, పాత గాయం గుర్తు, నవ్వితే పడే ముడత ఆ మనిషివి. వాటి విషయంలో ఆ మనిషినే అడగాలి. అడగకుండా పుట్టుమచ్చ తీసేస్తే ఇంట్లోవాళ్ళకి ఆ ఫొటో ఎబ్బెట్టుగా ఉంటుంది, కారణం ఏమిటో వాళ్ళకీ వెంటనే తట్టదు.

మచ్చలు తీసేటప్పుడు ఖాళీ లేయర్ (ఫొటో పైన పరిచే పారదర్శకమైన పొర) వేసుకుని దాని మీదే పని చెయ్యి. ఫొటోషాప్ 1990లో వస్తే లేయర్లు 1994లో మూడో వెర్షన్‌తో గానీ రాలేదు. అంతకుముందు చేసిన మార్పు బొమ్మలో కలిసిపోయేది. నీకా ఇబ్బంది లేదు కాబట్టి ఆ సౌకర్యం పూర్తిగా వాడుకో. హీలింగ్ బ్రష్ పక్కనున్న చర్మం తీరుని తెచ్చి, మచ్చ ఉన్న చోటి రంగుతో, వెలుగుతో కలుపుతుంది. చెంప మధ్యలో అది అతికినట్టు సరిపోతుంది. అదే బ్రష్‌ని నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట వాడి చూడు, జుట్టులోని నలుపు పాకి చర్మం మీద మసి పూసినట్టు అవుతుంది. పెదవి అంచు, కనుబొమ్మ పక్కన కూడా అంతే. అలాంటి చోట క్లోన్ స్టాంప్ తీసుకో, అది ఉన్నదాన్ని ఉన్నట్టే పెడుతుంది. బ్రష్ మచ్చ కంటే కొంచెం పెద్దదిగా ఉంటే చాలు.

నువ్వు మొహాల మీద వాడిన బ్లర్ మానెయ్. చర్మానికి రంధ్రాలుంటాయి, నూగు ఉంటుంది, అవి పోతే మనిషి ప్లాస్టిక్ బొమ్మ అయిపోతుంది. చర్మం ఎగుడుదిగుడుగా కనిపించేది చాలావరకు చిన్న చిన్న వెలుగునీడల వల్ల. వాటిని, కొన్ని చోట్ల వెలుగు పెంచి కొన్ని చోట్ల తగ్గించే డాడ్జ్ అండ్ బర్న్‌తో సరిచేయాలి, డార్క్‌రూమ్ రోజుల నుంచీ ఉన్న పద్ధతి ఇది. కొత్త లేయర్‌ని 50 శాతం బూడిద రంగుతో నింపి, అది కింది బొమ్మతో కలిసే తీరుని, అంటే దాని బ్లెండ్ మోడ్‌ని సాఫ్ట్ లైట్‌కి మార్చు. బూడిద మాయమవుతుంది. ఇప్పుడు మెత్తటి బ్రష్, ఫ్లో (ఒక్క రుద్దుకి పడే రంగు) 3 నుంచి 5 శాతం లోపు. తెలుపుతో రుద్దితే వెలుగు, నలుపుతో రుద్దితే నీడ. డబ్బులు పెట్టక్కర్లేని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్‌లో కూడా ఇది చక్కగా పనిచేస్తుంది.

కళ్ళ కింద నలుపు మీద మొదలుపెట్టు. చాలా దగ్గరికి జూమ్ చేస్తే ప్రతి రంధ్రం మీదా పడిపోతావు, 50 శాతం జూమ్‌లో ఉండు. నల్లగా ఉన్న చోట మాత్రం తెలుపుతో నాలుగైదుసార్లు మెల్లగా రుద్దు. కంటి కింద గీతని అలాగే ఉంచు, దాని కింద పడిన నీడని సగానికి తగ్గించు. అక్కడ ఎముక పల్లంగా ఉంటుంది కాబట్టి ప్రతి మనిషికీ ఎంతో కొంత నీడ ఉంటుంది. అది పూర్తిగా పోతే కళ్ళు మొహం మీద అంటించినట్టు కనిపిస్తాయి. పని చేస్తున్నంతసేపూ పైన ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్ పెట్టుకుంటే రంగుల గోల లేకుండా వెలుగునీడల తేడాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చివర్లో ఆ లేయర్ తీసెయ్. ఇది ఓపిక పని అమ్మలూ, ఒక మొహానికి గంట పట్టినా కంగారు పడకు.

కళ్ళ తెల్లగుడ్డు, పళ్ళు కాస్త పసుపు తగ్గిస్తే చాలు. చర్మం తీరునీ రంగునీ విడదీసి సరిచేసే ఫ్రీక్వెన్సీ సెపరేషన్ గురించి అందరూ చెబుతారు, ఈ బ్రష్ పని చేతికి పట్టుబడేదాకా దాని జోలికి వెళ్ళకు. ఏఐ టూల్స్ వాడుకో, తప్పేమీ లేదు, కానీ అవి గీసిన మాస్క్‌ని జుట్టు అంచుల్లో, చెవుల దగ్గర నీ కళ్ళతో చూసుకో. తడబడేది ఎక్కువగా అక్కడే.

పని పూర్తయిందనుకున్నాక లేచి వెళ్ళిపో. కుదిరితే మర్నాడు చూడు. ముందు, తర్వాత మార్చి మార్చి చూస్తే ఎక్కడ ఎక్కువ చేశావో నీకే తెలుస్తుంది. రీటచ్ చేసిన లేయర్ ఒపాసిటీని (అది ఎంత గట్టిగా కనిపించాలో ఆ కొలతని) 70 శాతానికి తగ్గించి చూడు, చాలాసార్లు అక్కడే బాగుంటుంది.

షార్ప్‌నింగ్ అన్నిటికంటే ఆఖరున, సైజు తగ్గించాక, 100 శాతం జూమ్‌లో. అంచుల చుట్టూ తెల్ల గీత కనిపిస్తే ఎక్కువైనట్టు. ఆన్‌లైన్‌లో పెట్టేదైతే స్క్రీన్లకి మామూలుగా వాడే రంగుల పద్ధతి ఎస్ఆర్‌జీబీలో ఎక్స్‌పోర్ట్ చెయ్, లేకపోతే కొన్ని స్క్రీన్ల మీద రంగులు వెలిసిపోతాయి.

ఈ నెలలో ఒక్క ఫొటోనైనా ప్రింట్ తీయించు. 4×6 అంగుళాలకి 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్ళు) లెక్కన 1200×1800 పిక్సెళ్ళు చాలు. ప్రింట్‌ని మంచి వెలుతురులో స్క్రీన్ పక్కన పెట్టి చూడు. కాగితం మీద బాగా చీకటిగా అనిపిస్తే నీ స్క్రీన్ బ్రైట్‌నెస్ ఎక్కువ పెట్టుకున్నావేమో చూసుకో. దాన్ని తగ్గించి, అదే ఫొటోని మొదటి నుంచి మళ్ళీ చెయ్యి.

ఉంటాను,
నీ పెదనాన్న