నెలకు మిగిలే 20 వేలు లోనుకా, సిప్‌కా?

మీరు చెప్పిన లెక్క: హోమ్‌లోన్ 40 లక్షలు, ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ 8.5 శాతం, 20 ఏళ్లు, ఈఎంఐ 34,713. ఇంటి ఖర్చు 45 వేలు. ఎఫ్‌డీ 3 లక్షలు, నెల మిగులు 20 వేలు. మొత్తం లోనుకే కట్టేయాలా అంటే, వద్దండీ, ఇప్పుడే వద్దు.

ఎఫ్‌డీ అస్సలు కదపకండి. రేపు ఉద్యోగం పోతే, ముందే ఎక్కువ కట్టారు కదా అని బ్యాంకు ఈఎంఐ ఆపదు. ఖర్చు, ఈఎంఐ కలిపి ఆరు నెలలకు దాదాపు 4.8 లక్షలు దగ్గరుండాలి. అంటే తొమ్మిది నెలలు మిగులంతా స్వీప్-ఇన్ ఎఫ్‌డీలోకే (సేవింగ్స్ ఖాతాకు ముడిపడి, అవసరమైతే వెంటనే తీసుకోగల ఎఫ్‌డీ).

తర్వాత చెరిసగం. 10 వేలు లోనుకు, 10 వేలు ఇండెక్స్ ఫండ్ (నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లనే కొనే మ్యూచువల్ ఫండ్) సిప్‌కు, అంటే నెలనెలా వేసే పెట్టుబడికి. ఆ అదనపు 10 వేలతోనే లోను పన్నెండేళ్ల చిల్లరలో తీరిపోతుంది. మీరు కొత్త పన్ను విధానంలో ఉన్నారు, సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి అందులో మినహాయింపు లేదు. కాబట్టి అప్పు తీర్చడమంటే పన్ను లేని 8.5 శాతం రాబడే. ఏ ఎఫ్‌డీ ఇస్తుంది అంత? సిప్ డబ్బు ఏడేళ్లలోపే అవసరమయ్యేలా ఉంటే ఆ సగం కూడా లోనుకే వేయండి.

చాలామంది దెబ్బతినేది కట్టే పద్ధతిలో. అదనంగా వేసిన సొమ్ము అసలులో జమకాకుండా రాబోయే ఈఎంఐకి అడ్వాన్సుగా ఉండిపోవచ్చు. లేదా లోను కాలం అలాగే ఉంచి ఈఎంఐ తగ్గిస్తారు. “పార్ట్ పేమెంట్, కాలం తగ్గించండి” అని రాసివ్వండి, తర్వాతి స్టేట్‌మెంట్‌లో అసలు బాకీ సరిచూసుకోండి. ఫ్లోటింగ్ రేటు కాబట్టి పెనాల్టీ ఉండదు.