క్వాట్రో పేరు ఒకటే, లోపలి పనితీరు వేరు

ఆడి ఎస్3, ఆర్‌ఎస్4 కార్లు రెండింటికీ క్వాట్రో (నాలుగు చక్రాలకూ శక్తి పంపే ఆడి వ్యవస్థ) బ్యాడ్జే ఉన్నా నడిపితే ఇంత తేడా ఎందుకని అడిగారు. మీకు అనిపించింది నిజమేనండీ.

1980 నాటి మొదటి క్వాట్రో కారులో ఇంజిన్ కారు పొడవు దిశలో ఉండేది, సెంటర్ డిఫరెన్షియల్‌ను (ముందు, వెనక చక్రాల మధ్య శక్తిని పంచే గేర్ల అమరిక) డ్రైవరే లాక్ చేసుకోవాలి. తర్వాత ఆ పనిని టోర్సెన్ గేర్లు వాటంతటవే చేయడం మొదలుపెట్టాయి. పోర్షేతో కలిసి 1994లో తెచ్చిన ఆర్‌ఎస్2 కూడా ఆ దారిదే. 2005లో వచ్చిన ఆర్‌ఎస్4లో మామూలుగా 40 శాతం టార్క్ (చక్రాలను తిప్పే బలం) ముందుకి, 60 శాతం వెనక్కి వెళ్తుంది. అందుకే మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే వెనక నుంచి ఎవరో నెట్టినట్టు ఉంటుంది. నాకైతే ఆ తరమే ప్రాణం.

ఎస్3లో ఇంజిన్ కారు వెడల్పు దిశలో, అడ్డంగా ఉంటుంది. వెనక చక్రాలను కలిపే హాల్డెక్స్ అనే క్లచ్‌లోని ప్లేట్లు బిగుసుకుంటేనే వెనక చక్రాలకు శక్తి అందుతుంది, కాబట్టి ముందు చక్రాలు లాగే కారు స్వభావం పోదు. 2021 ఆర్‌ఎస్3లో వెనక ఒక్కో చక్రానికి ఒక్కో క్లచ్ పెట్టి, మలుపులో బయటి చక్రానికి ఎక్కువ శక్తి పంపారు. ఆ లోటు చాలావరకు తీరింది.

పాత ఎస్3 కొంటుంటే హాల్డెక్స్ ఆయిల్ మార్చిన బిల్లులు తప్పకుండా అడగండి. ఏది కొన్నా నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకేలా అరిగినవై ఉండాలి.