మా అత్తగారి మాటే నా నోట్లోంచి వచ్చింది

ప్రశ్న: నాకు 57 ఏళ్ళు. మాది తెనాలి. మావారు పోయాక ఏడాదిగా హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కోడలు ఉద్యోగం చేస్తుంది, మంచి పిల్ల. పోయిన వారం పప్పులో పులుపు ఎక్కువైందని "మీ పుట్టింట్లో ఇదే నేర్పారా?" అనేశాను. తను ఒక్క మాటా అనలేదు. గరిటె స్టవ్ పక్కన పెట్టి, చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయింది. మా అత్తగారు నన్ను అచ్చం ఇదే మాట అనేవారు. నా కోడల్ని ఇలా అనకూడదని అప్పట్లోనే ఒట్టు పెట్టుకున్నాను. నేను మంచిదాన్ననుకున్నదంతా భ్రమేనా? అప్పట్నుంచి సరిగా నిద్ర లేదు. ఇక ఇంట్లో నోరు విప్పకూడదనుకుంటున్నాను.

జవాబు: ఆ మాట అన్నది మీరే. అది ఎవరి నోటి నుంచి మీకు వచ్చిందో పట్టుకున్నదీ మీరే. నా దగ్గరకు వచ్చే అత్తగార్లలో చాలామంది "నేనేమన్నానని?" దగ్గరే ఆగిపోతారు. మీరు అక్కడ ఆగలేదు.

ఒట్టు పెట్టుకున్నప్పుడు మీరు కోడలు. అత్తగా ఉండటమంటే ఏమిటో అప్పటికి తెలియదు. దగ్గరగా చూసిన అత్తగారు ఒక్కరే, అదీ రోజూ, ఏళ్ళ తరబడి. మనసు నెమ్మదిగా ఉన్నంతసేపూ మన నిర్ణయాలు మన మాట వింటాయి. ఉక్రోషం వచ్చినప్పుడు మాత్రం చెవిలో నానిన మాటే ముందు బయటికొస్తుంది.

మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన సంగతి దగ్గర నేను ఆగిపోయాను: "మావారు పోయాక." ఏడాదిలోనే భర్త, సొంతిల్లు, సొంత వంటిల్లు మూడూ పోయాయి. తెనాలిలో పోపుల డబ్బా ఎక్కడుండాలో మీరు చెప్పేవారు. ఇక్కడ అది ఎక్కడుందో అడగాలి. ఆ కోపం పులుపు మీద కాదేమో. ఈ ఇంట్లో నేనెవరిననే దిగులు దాని కింద ఉందేమో చూసుకోండి. మీ అత్తగారికీ అలాంటిదేదో ఉండి ఉండొచ్చు. అంతమాత్రాన ఆవిడ అన్నది ఒప్పయిపోదు, మీరన్నదీ ఒప్పయిపోదు.

1955లో అమెరికాలో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు మనిషిని నాలుగు గళ్ళ కిటికీలా చూపించారు. ఇద్దరి పేర్లూ కలిపి దాన్ని జొహారీ కిటికీ అంటారు. అందులో ఒక గడి ఎదుటివాళ్ళకు కనిపిస్తుంది, మనకు కనిపించదు. ఆ గడిలో ఏముందో తెలియాలంటే ఎదుటివాళ్ళు చెప్పాలి. మీకు గరిటె పెట్టేసి వెళ్ళిన పిల్ల చెప్పింది. చూసినందుకు మీరు చెడ్డవారైపోరు. అది మొదట్నుంచీ అక్కడే ఉంది, మీ మంచితనమూ దాని పక్కనే ఉంది.

నోరు విప్పనన్నారు, అది మాత్రం చేయకండి. పెద్దావిడ ముభావంగా తిరుగుతుంటే కోడలికి అది అలకలాగే కనిపిస్తుంది. తను ఒక్కతే ఉన్న సమయం చూసి, అబ్బాయిని మధ్యలోకి లాగకుండా, "ఆ రోజు మీ పుట్టింటి మాట ఎత్తకూడదమ్మా, తప్పు నాదే" అనండి. అక్కడితో ఆపేయండి. మీ అత్తగారు పెట్టిన బాధలు ఆ రోజే చెప్పొద్దు. చెబితే క్షమాపణ కాస్తా మీ కష్టాల కథ అయిపోయి, మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆ పిల్ల మీదే పడుతుంది. మావారు లేక తోచడం లేదన్న మాట మాత్రం ఇద్దరికీ ఎప్పుడో ఒకప్పుడు చెప్పండి. అది వాళ్ళు తెలుసుకోవాల్సిందే.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. రెండు వారాలైనా ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించుకోండి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

మీరు తప్పు ఒప్పుకున్నా ఆ పిల్ల వెంటనే మామూలుగా ఉండకపోవచ్చు. "పర్లేదు అత్తయ్యా" అని లేచి వెళ్ళిపోవచ్చు. మీ అత్తగారి మాట మీ మనసులోంచి పోవడానికి ఎన్నాళ్ళు పట్టిందో మీకే తెలుసు. తనకూ కొన్నాళ్ళు ఇవ్వండి.