ఇంటి లోన్ పదేళ్లలో తీర్చాలంటే ఏం తగ్గించాలి, ఏం తగ్గించకూడదు

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ: 30 లక్షల లోన్, 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ, నెలకు 26 వేల ఈఎంఐ, ఇద్దరు పిల్లలు. మీరేమో పదేళ్లలో తీర్చేద్దాం అంటున్నారు. మీ ఆవిడేమో "అప్పు తీరేసరికి పిల్లలు పెద్దవాళ్లయిపోతారు, అప్పుడు డబ్బులుండి ఏం లాభం" అంటున్నారు. ఎవరిది రైటు అని అడిగారు.

మేం 2014లో హైదరాబాద్ నిజాంపేటలో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ కొన్నాం. మాదీ 30 లక్షలే, కాకపోతే వడ్డీ 10.15 శాతం. మొదటి నెల కట్టిన 29 వేల చిల్లరలో 25 వేలకు పైగా వడ్డీకే పోయింది, అసలులో తగ్గింది నాలుగు వేలు కూడా లేదు. ఆ కాగితం చూసి మా వారు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. 2024లో తీర్చేశాం. మా ఇంట్లో జమాఖర్చులు రాసేది నేనే, కాబట్టి మీ ఆవిడ వైపు నుంచి కూడా కొంత చెప్పగలను.

ముందు మీ లెక్క. ఇలాగే 20 ఏళ్లూ కడుతూ పోతే అసలు కాక వడ్డీయే దాదాపు 32 లక్షల 48 వేలు అవుతుంది. అదే పదేళ్లలో తీర్చాలంటే నెలకు 37,200 కట్టాలి, అంటే ఇప్పుడు కడుతున్నదానికి ఇంకో 11 వేలు. వడ్డీ 14 లక్షల 63 వేలకు దిగుతుంది. మీ ఇంట్లో గొడవంతా ఈ 11 వేల గురించే. ఇంత పెద్ద అప్పు చూసి జీవితమంతా కట్టిపెట్టుకోవాలేమో అని మీ ఆవిడ భయపడుతున్నారు కానీ, ఈ 11 వేల అంకె అంత భయంకరంగా లేదని ఆవిడకి కాగితం మీద చూపించండి.

ఇవాళ్టికి 11 వేలు కుదరకపోయినా పర్లేదు. ఏటా జీతం పెరిగినప్పుడు ఈఎంఐని 5 శాతం పెంచుకుంటూ పోండి చాలు. మొదటి ఏడాది 26 వేలు, రెండో ఏడాది 27,300, మూడో ఏడాది 28,700... ఇలా వెళ్తే పన్నెండేళ్లు దాటిన రెండు మూడు నెలలకి మొత్తం తీరిపోతుంది. ఇప్పుడు తింటున్న తిండి, కడుతున్న బట్ట ఏదీ తగ్గించక్కర్లేదు, పెరిగే జీతంలో కొంత ఇంట్లోకి రాకముందే అటు మళ్లించడమే. మేం చేసింది ప్రధానంగా ఇదే. ఇంక్రిమెంట్ వచ్చిన నెలలోనే ఈఎంఐ పెంచేసేవాళ్లం. ఒక్కసారి ఆ డబ్బుకి ఇంట్లో అలవాటు పడ్డామా, మళ్లీ వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

ఇంకో సంగతి, తొందరగా కట్టిన లక్షకీ ఆలస్యంగా కట్టిన లక్షకీ చాలా తేడా ఉంది. మీ లోన్‌లో మొదటి ఏడాది చివర ఒక లక్ష అదనంగా కడితే గడువు దాదాపు 18 నెలలు తగ్గుతుంది. అదే లక్ష పదిహేనేళ్లు అయ్యాక కడితే ఆరు నెలలు కూడా తగ్గదు. అందుకే బోనస్ వచ్చినా, ఊళ్లో స్థలం అమ్మితే వాటా వచ్చినా మొదటి అయిదారేళ్లలోనే లోన్‌కి పెట్టండి.

ఇక ఇంటి ఖర్చులు. ఈ ప్రశ్నకి వచ్చే సలహాలన్నీ కాఫీ మానెయ్యండి, కరెంటు ఆపెయ్యండి, కూరగాయలు బేరమాడండి అనే ఉంటాయి. బేరమాడండి, నేను కాదనను. నేనూ రైతు బజారుకే వెళ్తాను. కందిపప్పు, చింతపండు, మినప్పప్పు ఏడాదికి సరిపడా కొత్త పంట వచ్చినప్పుడే కొంటాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, కాబట్టి మిరపకాయలు అక్కడే కొని తొడిమలు తీయించి కారం పట్టించుకొస్తాం. బియ్యం మిల్లు దగ్గర బస్తాల లెక్కన. ఇవన్నీ చేస్తే నెలకు రెండు మూడు వేలు మిగులుతాయి, తిండి కూడా బావుంటుంది. కానీ వీటితో ఇంటి అప్పు తీరదు.

మన ఇళ్లల్లో డబ్బు పోయేది ఫంక్షన్లకి, బంగారానికి, కారుకి. నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. పదేళ్ల జమాఖర్చుల పుస్తకాలు నా దగ్గరున్నాయి, వాటిలో కనిపించేదీ ఇదే.

కారు సంగతే చూడండి. ఎనిమిది లక్షల లోన్, 9 శాతం వడ్డీ, అయిదేళ్లు అనుకుంటే నెలకు 16,600 అవుతుంది. పెట్రోలు, ఇన్సూరెన్సు, సర్వీసింగ్ వేరే. మీకు కావాల్సింది నెలకు 11 వేలు. కారు కొనకపోవడమే మీ పదేళ్ల ప్లాన్ అన్నమాట. మేం బండి మీదే తిరిగాం. మెట్రో వచ్చాక మా వారు మియాపూర్ నుంచి దాన్లోనే ఆఫీసుకి వెళ్లేవారు. నలుగురం ఊరికి వెళ్లాలంటే రైలు, పెళ్లిళ్లకి అద్దె కారు. "ఫ్లాట్ ఉంది కానీ కారు లేదా?" అని చుట్టాలు అడుగుతారు. అడగనివ్వండి. మా ఇంట్లో కారు అప్పు తీరాక వచ్చింది, అదీ సెకండ్ హ్యాండ్‌ది.

ఫంక్షన్ల దగ్గర అసలు పరీక్ష. మా పాప ఓణీల ఫంక్షన్‌కి హాలు, క్యాటరింగ్, డెకరేషన్, ఫొటోలు, వీడియోలు అన్నీ కలిపి అంచనా మూడు లక్షలు దాటింది. మా అత్తయ్య గారు "ఇంతమంది ఇళ్లల్లో తినొచ్చాం, మనం పెట్టకపోతే ఎట్లాగమ్మా?" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. మన దగ్గర భోజనం పెట్టడం కూడా ఒక బాకీయే, చదివింపుల పుస్తకం తీస్తే ఎవరికి ఎంత తిరిగి పెట్టాలో రాసే ఉంటుంది. కాబట్టి మానలేదు, ఊళ్లో మామయ్య గారి ఇంటి ముందు షామియానా వేయించి చేశాం. వంటవాళ్లని పిలిపించి అరిటాకుల్లో భోజనాలు పెట్టాం. పాపకి నచ్చిన లంగా ఓణీ కొన్నాం, దాంట్లో మాత్రం పిసినారితనం చెయ్యలేదు. హాలుకీ స్టేజీకీ పోవాల్సిన డబ్బు నెల తిరక్కుండా అసలులో జమ అయింది. మా ఆడపడుచు కొన్నాళ్లు దెప్పింది. ఇప్పుడు వాళ్ల అబ్బాయి పంచెల ఫంక్షన్ కూడా అదే ఇంటి ముందు చేసింది.

బంగారం మీద నేను మరీ అంత కఠినంగా చెప్పను. ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఒక్క గ్రామూ కొనొద్దంటే ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. కొంటే ముక్కగానో కాసుగానో కొనండి. తరుగు, మజూరీ పెట్టి ఏటా పాత నగ మార్చి కొత్త నగ చేయించుకునే అలవాటు మానితే చాలు. ఇక ప్రీపేమెంట్ (గడువుకి ముందే అదనంగా కట్టడం) కోసమని వీధి చీటీలో చేరకండి. ముందుగా పాడుకుంటే పాటలో పోయేది వడ్డీలో మిగిలేదాన్ని తినేస్తుంది. పైగా రిజిస్టర్ కాని చీటీ నడిపే మనిషి రాత్రికి రాత్రి మాయమైతే అడగడానికి దిక్కుండదు.

ఏం తగ్గించకూడదో కూడా చెప్తాను, ఎందుకంటే మీ ఆవిడ అడుగుతున్నది అదే. పాలు, పండ్లు. పిల్లలు ఇష్టంగా నేర్చుకునేది ఏదుంటే అది, సంగీతమో క్రికెట్టో. ఏడాదికో ప్రయాణం, సూర్యలంక సముద్రమో తిరుపతో. సొంతంగా తీసుకున్న హెల్త్ ఇన్సూరెన్స్ (కంపెనీది ఉద్యోగంతోపాటే పోతుంది), అప్పుకి సరిపడా టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటివాళ్లకి డబ్బొచ్చే ఇన్సూరెన్స్). పనిమనిషిని మాన్పించడం కూడా పొదుపే అని మా వారు ఒకసారి అన్నారు. అంట్లు మీరు తోముతానంటే సరే అన్నాను. మళ్లీ ఆ మాట రాలేదు.

ఇంట్లో ఒక్కొక్కళ్లకీ నెలకు కొంత డబ్బు, ఎవరూ లెక్క అడగనిది, పెట్టుకోండి. మాకు తలా రెండు వేలు ఉండేది, పిల్లలకి తక్కువ. మా వారు దాంతో పుస్తకాలు కొన్నారా మిర్చిబజ్జీలు తిన్నారా నాకు తెలీదు. పదేళ్లపాటు ప్రతి రూపాయికీ సంజాయిషీ ఇచ్చుకునే ఇంట్లో మనుషులు అబద్ధాలు చెప్పడం మొదలుపెడతారు.

మీరు మగవారు కాబట్టి ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. ఎక్సెల్ షీట్ మీరు చేసి, పిల్లలకి "లేదు" అనే మాట మాత్రం ఆవిడ చేత చెప్పించకండి. చాలా ఇళ్లల్లో జరిగేది అదే. నాన్న ప్లాన్ వేస్తాడు, అమ్మ చెడ్డదవుతుంది. పక్కింటి పిల్లాడి పుట్టినరోజు పార్టీ చూసొచ్చి మీవాడు ఏడ్చినప్పుడు కూర్చోబెట్టి చెప్పాల్సింది మీరే. మా బాబుకి ఎనిమిదేళ్లప్పుడు మా వారు గోడ మీద చార్ట్ అంటించి, అప్పు లక్ష తగ్గినప్పుడల్లా వాడి చేత ఒక గడి రంగు వేయించేవారు. గడి నిండిన రోజు హోటల్లో బిర్యానీ. దాంతో బిర్యానీ కోసమైనా వాడే అడిగేవాడు, ఈ నెల ఎంత కట్టారని.

ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐతో కలిపి, చేతిలో ఉంచుకోకుండా ఒక్క రూపాయి కూడా అదనంగా కట్టొద్దు. మామూలు లోన్‌లో ముందుగా కట్టిన డబ్బు రేపు ఆసుపత్రి అవసరం వచ్చినా తిరిగి రాదు. అలా తీసుకునే వీలు కావాలంటే ఎస్‌బీఐ మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతి లోన్లు ఉన్నాయి. ఖాతాలో ఉన్నంతకాలం ఆ మొత్తం మీద వడ్డీ పడదు, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. చేతిలో డబ్బుంటే ఖర్చుపెట్టేసే రకమైతే మాత్రం అది వద్దు.

"ట్యాక్స్ మిగులుతుంది, లోన్ ఉంచుకోండి" అనే బాబాయి ప్రతి ఇంట్లో ఒకాయన ఉంటాడు. మీరు కొత్త ట్యాక్స్ పద్ధతిలో ఉంటే సొంతంగా కాపురముండే ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు. పాత పద్ధతిలోనైనా ఏడాదికి 2 లక్షల వడ్డీ వరకే. 30 శాతం శ్లాబులో ఉన్నా సెస్సుతో కలిపి మిగిలేది 62,400. దానికోసం మొదటి ఏళ్లలో ఏటా రెండున్నర లక్షల దాకా వడ్డీ కట్టడం ఏం లెక్కో ఆయన్నే అడగండి. ఎస్‌ఐపీలో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టడం) ఇంతకన్నా ఎక్కువ వస్తుందనే వాదనలో మాత్రం పస ఉంది. మేం పీఎఫ్ ముట్టుకోలేదు, చిన్న ఎస్‌ఐపీ ఒకటి ఆపకుండా నడిపాం, మిగిలిందే లోన్‌కి. మార్కెట్ పడ్డప్పుడు కూడా నిద్రపట్టే మనిషైతే మీరు అటు ఎక్కువ పెట్టుకోవచ్చు.

బ్యాంకు పనులు. ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి లోన్‌ని ముందే తీర్చినందుకు బ్యాంకులు పెనాల్టీ వెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పండి. అదనంగా కట్టిన ప్రతిసారీ "ఈఎంఐ తగ్గించొద్దు, గడువు తగ్గించండి" అని రాతపూర్వకంగా ఇచ్చి, కొత్త షెడ్యూల్ తీసుకోండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు) 4 శాతం నుంచి 6.5కి పెరిగినప్పుడు చాలామందికి ఈఎంఐ అంతే ఉండి గడువు చప్పుడు లేకుండా పొడుగైపోయింది. మాకూ అయింది, స్టేట్‌మెంట్ తీసి చూస్తేగానీ తెలీలేదు. ఆ తర్వాత 2023 ఆగస్టులో, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా గడువు పెంచుకోవాలా అన్నది కస్టమర్‌నే అడగాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశమిచ్చింది.

మీ 8.5 శాతం మీద నాకు అనుమానంగా ఉంది. 2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపే రెపో 6.5 నుంచి 5.5కి దిగింది. మీ లోన్ రెపోకి లింకై ఉంటే ఆ తగ్గుదల మీకు రావాలి. పాత ఎంసీఎల్‌ఆర్ మీదో బేస్ రేటు మీదో (బ్యాంకే లెక్కగట్టుకునే పాత వడ్డీ రేట్లు) ఉంటే అడగందే మార్చరు. మేం కొంత ఫీజు కట్టి అలా మార్పించుకున్నాం, ఆ ఫీజు కొద్ది నెలల్లోనే వచ్చేసింది. కాబట్టి ఇంట్లో ఏ ఖర్చయినా కొయ్యడానికి ముందు ఒకరోజు సెలవు పెట్టి బ్రాంచికి వెళ్లండి.

తీరిన రోజున చెయ్యాల్సింది కూడా రాస్తున్నా, అప్పటికి నా ఈ జవాబు దొరకదేమో. మొత్తం తీరిన 30 రోజుల్లోగా బ్యాంకు ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇవ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల చొప్పున మీకు కట్టివ్వాలి. 2023 డిసెంబర్ 1 నుంచి ఉన్న రూల్ ఇది. నో డ్యూస్ లెటర్ తీసుకోండి. టైటిల్ డీడ్స్ (ఇంటి పత్రాలు) బ్యాంకులో డిపాజిట్ చేసినట్టు రిజిస్టర్ అయి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాన్ని రద్దు చేయించి, కొత్త ఈసీ (ఆస్తి మీద అప్పులున్నాయేమో చూపించే సర్టిఫికెట్) తీసి చూసుకోండి. లేకపోతే అప్పు తీరినా ఈసీలో బ్యాంకు పేరు అలాగే ఉంటుంది, అమ్మేటప్పుడు ఇబ్బంది. సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థ) క్లోజ్డ్ అని పడిందో లేదో కూడా చూడండి.

మీ లోన్ దేనికి లింకైందో, ఎన్ని ఈఎంఐలు కట్టేశారో కింద రాయండి. మీ ఆవిడని కూడా చదవమనండి, ఆవిడకి ఎక్కడ అభ్యంతరమో ఆవిడే రాస్తే ఇంకా మంచిది. దాన్నిబట్టి లెక్క వేసి పెడతాను.